చెల్లడం కోసం పుట్టని కాసులు

మా అమ్మ పూజామందిరంలో, కుంకుమ భరిణెకూ గంధపు చెక్కకూ మధ్య, రూపాయి కంటే కాస్త పెద్దదైన ఒక బిళ్ళ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. దానికి ఒకవైపు సింహాసనం మీద సీతారాములు, చుట్టూ తమ్ముళ్ళు, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు విల్లులు పట్టుకుని నిలబడ్డ రామలక్ష్మణులు. అంచు వెంబడి నాగరి అక్షరాలు, ఒకచోట 51740 అనే అంకె. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చిన మా పెద్దనాన్నగారి అబ్బాయి దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఫోనులో ఏదో వీడియో చూసి, ఇది 1740 నాటిదనీ, ధర కోటికి తగ్గదనీ తేల్చాడు. మందిరంలోంచి తీయవద్దని అమ్మ అంటున్నా వినకుండా, నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదులో పాత నాణేలు కొనే ఒక దుకాణానికి వెళ్ళాడు. ఆ దుకాణదారు భూతద్దం కూడా తీయలేదు. బిళ్ళను బల్ల మీద ఒకసారి మోగించి, "ఇది నకిలీ సార్, ఇత్తడి మీద పూత. ఇలాంటివి వారానికి పది వస్తాయి" అని తిరిగి ఇచ్చేశాడు. ఇంటికి వచ్చాక అమ్మ ఆ బిళ్ళను చింతపండుతో తోమి, పసుపు నీళ్ళలో కడిగి, బొట్టు పెట్టి, దాని చోట అది పెట్టింది. దుకాణదారు ఏమన్నాడని మమ్మల్ని అడగనే లేదు.

అన్నయ్యా, దుకాణదారూ ఒకరికొకరు పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడినట్టు కనిపిస్తారు గాని, ఇద్దరూ పొరబడింది ఒక్కచోటే. అది నాణెమేనని ఇద్దరూ అనుకున్నారు. ఒకరి లెక్కలో పాత నాణెం, మరొకరి లెక్కలో దొంగ నాణెం. డబ్బులా కనిపించేట్టు చేసి, డబ్బుగా ఎన్నడూ ఖర్చు చేయకుండా, మెడలో వేసుకోవడానికో దేవుడి ముందు పెట్టడానికో వాడే ఇలాంటి బిళ్ళలు మన దేశంలో కనీసం రెండు వేల ఏళ్ళుగా తయారవుతున్నాయి. అవి తమంతట తామే ఒక జాతి వస్తువులనీ, వాటిని నకిలీలు అనడం తెలియనితనమే కాక అన్యాయం కూడాననీ, ఆ అన్యాయం చివరికి అసలు మోసగాళ్ళకే పనికివస్తోందనీ నా వాదన.

నకిలీ అంటే ఏమిటో నాణేల వ్యాపారుల కంటే మన చట్టమే స్పష్టంగా చెప్పింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 28వ సెక్షను ప్రకారం, ఒక వస్తువును మరొకదానిలా కనిపించేట్టు చేయడం ఒక్కటే చాలదు. ఆ పోలికతో మోసం చేయాలన్న ఉద్దేశం గాని, మోసం జరిగే అవకాశం ఉందన్న ఎరుక గాని ఉండాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నిర్వచనాన్ని నిలుపుకుంది. ఇక ఆ పాత శిక్షాస్మృతి 230వ సెక్షనులో నాణెం అంటే ఏమిటో చెబుతూ ఇచ్చిన ఉదాహరణలు నాకు ఎంతో ఇష్టం. గవ్వలు నాణేలు కావు. ముద్ర లేని రాగి ముద్దలు, డబ్బుగా వాడుకలో ఉన్నా సరే, నాణేలు కావు. పతకాలు నాణేలు కావు, డబ్బుగా వాడే ఉద్దేశంతో చేసినవి కావు గనుక. ఈ మూడో వాక్యం మా అమ్మ బిళ్ళ కోసమే రాసినట్టుంది. "చెల్లని రూపాయికి గీతలెక్కువ" అని మనకు ఒక సామెత ఉంది. చెల్లాలని బయలుదేరి చెల్లకుండా పోయిన రూపాయికి ఆ ఎత్తిపొడుపు తగినదే గాని, చెల్లాలన్న కోరికే లేకుండా పుట్టినదానికి అది తగలదు.

పైగా ఆ బిళ్ళ దేనికి నకలు? తెలుగులో రామటెంకి అనీ, గ్రంథాల్లో రామటంకం అనీ పిలిచే ఈ బిళ్ళల మీది పట్టాభిషేక దృశ్యంతో ఇత్తడిలోనో రాగిలోనో ఏ రాజూ బజారు కోసం నాణెం ముద్రించలేదు. బంగారంతో చేసిన పాత రామటెంకులను విజయనగర కాలానికి ముడిపెట్టడం వాడుకలో ఉంది గాని, అవి కూడా పెట్టెలో దాచి పూజించినవే తప్ప ఉప్పూ పప్పూ కొనడానికి తిరిగినవి కావు. మా ఇంట్లో ఉన్నటువంటి బిళ్ళల అంచు మీద నాగరిలో ఉండే అక్షరాలను కూడబలుక్కుని చదివితే దాదాపుగా "రామ లఛమన జానక జవత హనమనక" అని వస్తుంది. ఇది "రామ్ లక్ష్మణ్ జానకీ, జై బోలో హనుమాన్ కీ" అనే ఉత్తరాది భజన నినాదం. అచ్చు నుంచి అచ్చు తీస్తూ పోగా గుడులూ కొమ్ములూ రాలిపోయి, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి. 51740 సంగతీ అంతే. మా అన్నయ్య ముందున్న 5ను వదిలేసి 1740 సంవత్సరాన్ని పట్టుకున్నాడు గాని, అది ఏ శకానికీ ఏ సంవత్సరానికీ పొసగని అంకె. నాణెం మీద అంకె ఉంటుంది గనుక దీని మీదా ఒక అంకె ఉండాలని అచ్చు చెక్కినవాడు అనుకుని ఉంటాడు. నకలు అనాలంటే అసలు ఉండాలి కదా. ఇక్కడ నకలు తీసింది ఏదో ఒక నాణేన్ని కాదు, నాణెం అనే ఆకారాన్ని.

నాణేల శాస్త్రం చదివినవాళ్ళు వీటిని ఆలయ టోకెన్లు అంటారు. నకిలీ అన్న మాటకంటే ఇది మర్యాదైనదే గాని, ఇదీ నాకు సరిపోయినట్టు అనిపించదు. టోకెన్ అంటే దాన్ని తిరిగి ఇచ్చి ఏదో ఒకటి తీసుకోవాలి, లడ్డూనో, చెప్పులనో, దర్శనం వరుసలో చోటునో. వీటిలో చాలావాటి వెనుక ఏ ఆలయమూ లేదు. యాత్రాస్థలాల్లో రుద్రాక్షలూ పటాలూ అమ్మే దుకాణాల్లో కొనుక్కుని, ఇంటికి తెచ్చుకుని, బియ్యం డబ్బాలోనో ఇనప్పెట్టెలోనో పూజలోనో పెట్టుకున్నవే ఎక్కువ. అమ్మను అడిగితే "రాముడి బిళ్ళ" అంటుంది. ఆ పేరే నాకు అన్నిటికంటే నిక్కచ్చిగా కనిపిస్తుంది.

రాముడికీ నాణేనికీ ఉన్న ఈ చుట్టరికం తెలుగువాళ్ళకు కొత్త కాదు. భద్రాచలం కథలో గోపన్నను చెర నుంచి విడిపించడానికి రామలక్ష్మణులు సేవకుల రూపంలో తానీషా దగ్గరకు వెళ్ళి ఆరు లక్షల సొమ్మును చెల్లించింది రామమాడలతోనే. 1672 నుంచి 1687 వరకు గోలకొండను ఏలిన ఆ తానీషా (అబుల్ హసన్ కుతుబ్ షా) ఖజానా లెక్కల్లో అవి ఎలా జమ అయ్యాయన్న ప్రశ్న ఆ కథ విన్న ఏ పిల్లవాడూ అడగడు. కథ చెప్పేవాళ్ళకు రామమాడ నాణెమూ అవును, ప్రసాదమూ అవును. రాజుకు బాకీ తీరుతుంది, మిగిలినది పూజకు వస్తుంది. పక్కదారి పట్టినా ఒక మాట చెప్పాలి: సీతారాముల బొమ్మతో నిజంగానే నాణేలు వేయించిన పాలకుల్లో అక్బరు ఒకడు. తన ఏలుబడి చివరి ఏళ్ళలో, 1604-05 ప్రాంతంలో, విల్లు పట్టుకున్న రాముడూ వెంట సీతా ఉన్న నాణేలను బంగారంలోనూ వెండిలోనూ కొద్దిగా వేయించాడు. అవి ఇవాళ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అదే అక్బరు చలామణీ చేసిన చదరపు రూపాయిలకు, కల్మా, నలుగురు ఖలీఫాల పేర్లూ ఉన్న వాటికి, తరువాతి తరాలవాళ్ళు చార్‌యారీ పేరుతో వెండి నకళ్ళు చేసుకుని తాయెత్తులుగా కట్టుకున్నారు. మతం ఏదైనా తర్కం ఒకటే.

నగ వేరు, డబ్బు వేరు అన్న గీత మనం అనుకున్నంత పాతది కాదని చెప్పడానికి తవ్వకాల దాకా వెళ్ళనక్కరలేదు, మన మాటలే చాలు. ఋగ్వేదంలో రుద్రుడు మెడలో ధరించే నిష్కం ఒక నగ. కాలం గడిచేసరికి నిష్కం అంటే బంగారు నాణెం అయింది. శతమానం అన్నది శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో యజ్ఞంలో దక్షిణగా ఇచ్చే బంగారం పేరు, నూరు గింజల ఎత్తు. మన పెళ్ళిళ్ళలో పుస్తెలను శతమానాలనే అంటాం. మాంగల్యంలో గుండ్రటి బిళ్ళలు వేసుకునే ప్రతి తెలుగు ఇల్లాలి మెడలోనూ ఒక ప్రాచీన ద్రవ్యమానం వేలాడుతోందన్న మాట. ఇది డబ్బు వైపు నుంచి మెడ వైపు నడిచిన మాట. అలా నడిచిన మరో మాట మరీ సరదాగా ఉంటుంది. గొలుసుకు వేలాడే బిళ్ళను మనం డాలరు అంటాం. తిరుమలలో అమ్మే శ్రీవారి డాలరును కొనేటప్పుడు అమెరికా ఎవరికీ గుర్తుకు రాదు.

తూకాలు కూడా ఇలాంటివే. కోస్తాలో కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు. అది విక్టోరియా రాణి బొమ్మ ఉన్న బ్రిటిష్ సవరను తూకం, కచ్చితంగా చెప్పాలంటే 7.988 గ్రాములు. తెలంగాణలో తులం అంటారు. ఇవాళ వ్యాపారులు పది గ్రాములకు సవరించుకున్నారు గాని, అసలు తులం 11.66 గ్రాములు, 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకటే చేసిన రూపాయి బరువు. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కోస్తావాళ్ళు ఒక చచ్చిపోయిన నాణెంతో కొలుస్తారు, తెలంగాణవాళ్ళు మరొక చచ్చిపోయిన నాణెంతో కొలుస్తారు. ఆ రెండు నాణేలనూ కళ్ళారా చూసినవాళ్ళు ఆ మాటల దగ్గర ఎవరూ ఉండరు.

ఇక తవ్వకాల సంగతి. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ శాతవాహనుల కాలపు పట్టణం. నిజాం రాజ్యపు పురావస్తు శాఖ తరఫున గులాం యజ్దానీ 1940ల మొదట్లో అక్కడ తవ్వించినప్పుడు నాణేలూ పూసలతో పాటు రోమన్ నాణేల పోలికలో చేసిన మట్టి బిళ్ళలు బయటపడ్డాయి. వాటికి దారం గుచ్చుకునే ఏర్పాటు ఉంది. అప్పట్లో రోము నుంచి మిరియాలకూ, ముత్యాలకూ, సన్నబట్టలకూ బదులుగా బంగారు, వెండి నాణేలు దక్కనుకూ దక్షిణాదికీ వచ్చేవి. అలాంటి నాణెం ఒకటి చేతికి దొరికిన కొండాపూరు మనిషి దాన్ని మెత్తటి మట్టి మీద అదిమి, కాల్చి, మెడలో వేసుకున్నాడు. లేదా వేసుకుంది. మట్టి బిళ్ళను బంగారమని చెప్పి ఎవరికీ అమ్మలేరు, అది పిల్లవాడికి కూడా తెలుస్తుంది. మోసం చేయడానికి వీలే లేని నకలు అది. రెండు వేల ఏళ్ళ నాటి ఆ బిళ్ళను నకిలీ అనడానికి ఏ పురావస్తు శాస్త్రజ్ఞుడికీ నోరు రాదు. ఇత్తడి రామటెంకి అనగానే మాత్రం అందరికీ వస్తుంది. తేడా వయసులోనే ఉన్నట్టుంది.

అదే కాలపు నాణేల మీద మరో రకం చేతిపని కూడా కనిపిస్తుంది. పుదుక్కోట్టై ప్రాంతంలో 1898లో ఒకేచోట 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో దాదాపు అన్నిటి మీదా చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంది. ఎందుకు పెట్టారన్న దాని మీద పండితుల మధ్య వాదాలు ఉన్నాయి. నాణెంగా దాని చెల్లుబాటు తీసేసి, వట్టి బంగారంగా తూకానికి పెట్టడానికే గాటు పెట్టారన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది. ఈ రెండు చేతులనూ పక్కపక్కన ఊహించుకోండి. ఒకరికి లోహం కావాలి, ముఖం అక్కరలేదు, అందుకే ముఖాన్ని కొట్టేశారు. మరొకరికి ముఖం కావాలి, లోహం ఏదైనా ఫరవాలేదు, అందుకే మట్టిలో పోసుకున్నారు. మొదటిది వర్తకుడి చేయి, రెండోది అలంకరించుకునే మనిషి చేయి. నాణెం విలువ లోహంలోనే ఉందన్న వర్తకుడి తీర్పును మనం యథాతథంగా తెచ్చుకుని రెండో మనిషి మీద రుద్దుతున్నాం.

వెనిస్ కాసుల కథ ఇంకా రుచికరమైనది. వెనిస్ నగర రాజ్యం 1284లో మొదలుపెట్టిన బంగారు డ్యూకట్, మూడున్నర గ్రాముల మేలిమి బంగారం, ఆ రాజ్యం 1797లో పడిపోయేదాకా దాదాపు ఒకే రూపంతో వచ్చింది. ఒకవైపు ఆ రాజ్యాధిపతి తమ పట్టణపు పునీతుడైన మార్కు ముందు మోకరిల్లి జెండాకర్ర అందుకుంటూ ఉంటాడు. రెండోవైపు కోడిగుడ్డు ఆకారపు చట్రంలో నక్షత్రాల మధ్య యేసుక్రీస్తు. ఐదు వందల ఏళ్ళు మారని బొమ్మ, కల్తీ లేని బంగారం. మన దేశపు రేవుల్లో దాన్ని అందరూ నమ్మారు. అసలువి చాలనప్పుడు మన కంసాలులు దానికి నకళ్ళు చేయడం మొదలుపెట్టారు, చాలాసార్లు మంచి బంగారంతోనే. ఆ నకళ్ళలో లాటిన్ అక్షరాలు వరసగా నిలబెట్టిన పుల్లలయ్యాయి, మోకరిల్లిన రాజు లేచి నిలబడ్డాడు, నక్షత్రాలు చుక్కలయ్యాయి. మరాఠీవాళ్ళు ఆ మనుషుల్ని బొమ్మలుగా చూసి పుతళీ అన్నారు, పుతళీహారం అలా వచ్చింది. తమిళ దేశంలో ఆ జెండాకర్రను తాటిచెట్టుగా, రాజును కల్లుగీసే మనిషిగా చూసి శాణార్ కాసు అన్నారు. మరికొందరికి ఆ జంటలో సీతారాములు కనిపించారు.

చదువుకున్నవాళ్ళు దీన్ని తప్పుగా చదవడం అంటారు. నాకలా అనిపించదు. ఒక కంసాలి దగ్గరకు పరాయి దేశపు కాసు వస్తుంది. దాని మీద భాష రాదు, కథ తెలియదు. కాని ఇద్దరు మనుషులు, మధ్యలో నిలువుగా ఒక కర్ర, చుట్టూ కాంతి ఉన్న ఒక దేవుడు, అంచున చుక్కలు కళ్ళకు కనిపిస్తాయి. వీటన్నిటికీ అతని దగ్గర ముందే పేర్లున్నాయి. దొంగ నాణెం చేసేవాడు అక్షరానికి ఎక్కువ భయపడతాడు, ఎందుకంటే అక్షరం తప్పితే పట్టుబడతాడు. ఈ కంసాలికి ఆ భయమే లేదు. అక్షరాన్ని పుల్లలుగా మార్చగలిగిన ఆ ధైర్యమే అతను మోసం చేయడం లేదనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం.

మా నాయనమ్మ కాసులపేరు విషయానికి వస్తాను. ఇక్కడ నా వాదనకు ఎదురుగాలి ఉంది, దాన్ని దాచిపెట్టను. పేరు అంటే దండ. కాసులపేరు అంటే కాసుల దండ. ఒకప్పుడు నిజమైన నాణేలకే కొక్కేలు అతికించి కట్టేవారు. లంబాడీ ఆడవాళ్ళ నగల్లో జార్జి రాజు వెండి రూపాయిలు ఇటీవలిదాకా అలాగే ఉండేవి. తరువాత పల్చటి బంగారు రేకు మీద లక్ష్మీదేవిని అచ్చు గుద్ది, కాసు ఆకారంలో కత్తిరించిన బిళ్ళలు వచ్చాయి. ఇవాళ పెళ్ళిళ్ళలో మనం చూసే కాసులపేర్లన్నీ ఇవే. అంటే మేలిమి బంగారంతో లక్షలు పోసి చేయించుకున్న కాసులపేరు కూడా నాణేలకు అనుకరణే. దాని మీద ఏ ప్రభుత్వపు ముద్రా లేదు, ఏ అంగడిలోనూ చెల్లదు. తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలప్పుడు గజవాహన సేవ కోసం తిరుమల నుంచి ఊరేగింపుగా తెచ్చే లక్ష్మీ కాసుల హారం కూడా ఆ మాటకొస్తే డబ్బు పోలికలో చేసిన నగే. దాన్ని నకిలీ అనే సాహసం ఎవరూ చేయరు. గిల్టు కాసుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం నాలుక తేలిక అవుతుంది.

మా నాయనమ్మ పోయిన తరువాత నగలు పంచుకోవలసి వచ్చింది. కాసులపేరులో మొత్తం 64 కాసులు. తూకం వేయడానికి పిలిచిన మనిషి ఒక్కో కాసునూ గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేస్తూ పోయాడు. 18 గీతలు ఆకుపచ్చగా పొంగి మాయమయ్యాయి. ఆ 18 కాసులనూ గుడ్డ మీద ఒక పక్కగా నెట్టి "ఇవి డూప్లికేట్" అన్నాడు. మా మేనత్తల ముఖాలు ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరో మార్చేశారన్న అనుమానం గదిలోకి వచ్చి కూర్చుంది. ఎవరన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు. చివరికి పెద్ద మేనత్తే నోరు విప్పింది. మా పెద్దనాన్న హాస్టలు ఫీజుకు రెండు, బోరు ఎండిపోయి కొత్తది వేసినప్పుడు నాలుగు, తన పురిటికి మూడు, ఇలా ఒక్కొక్క అవసరానికీ నాయనమ్మ కాసులు ఊడదీసి అమ్మిందనీ, దండ పొట్టి కాకుండా వాటి చోట బందరు పక్క చిలకలపూడి నుంచి తెప్పించిన గిల్టు కాసులు గుచ్చించిందనీ చెప్పింది. చిలకలపూడి నగలంటే ఆ చుట్టుపక్కల జిల్లాలవాళ్ళకు చెప్పనక్కరలేదు. రాగి మీద బంగారు పూతలో ఆ ఊరి పనివాళ్ళ చేయి అంత గొప్పది.

ఇక్కడ తూకం వేసిన మనిషి తప్పేమీ చేయలేదని ఒప్పుకుంటాను. పంపకాల్లోనూ తాకట్టులోనూ గీటురాయి మాటే చెల్లాలి. అక్కడ గిల్టును బంగారమని పెడితే అది మోసమే, అందులో రెండో మాట లేదు. నాయనమ్మ ఆ దండను తాకట్టు పెట్టలేదు, అమ్మజూపలేదు, కోడళ్ళకు ఇన్ని కాసులని లెక్క చెప్పలేదు. పేరంటాలకు వేసుకుంది. పేరంటంలో కాసులపేరు చేయవలసిన పనిని ఆ 18 కాసులూ మిగిలిన 46 చేసినంత బాగానూ చేశాయి. అనుకరణ ఎప్పుడు మోసం అవుతుందన్నదానికి నాకు దొరికిన కొలత ఇదే: వస్తువు ఏమిటన్నది పట్టించుకోవలసిన చోట దాన్ని మరొకటని చెప్పి చేయి మార్చినప్పుడు. గీటురాయి లోహాన్ని చెప్పగలదు, ఆ మాటను చెప్పలేదు.

దేవుడికిచ్చే విషయంలో ఈ చర్చ మరింత సున్నితమవుతుంది. నాకు తెలిసిన ఒక హేతువాద మిత్రుడు, ఇత్తడి బిళ్ళను కాసు అని దేవుడి ముందు పెట్టడం దేవుణ్ణి మోసం చేయడమేనని నవ్వుతాడు. అతనికి నా జవాబు, గుడిలో మనం ఇచ్చేవాటిలో దాదాపు అన్నీ అలాంటివే అని. కంటిజబ్బు నయమైతే వెండి కళ్ళు సమర్పిస్తారు, కాలు బాగైతే వెండి కాలు. అవి కళ్ళా, కాళ్ళా? ఆపద వచ్చిన వెంటనే పసుపుగుడ్డలో ఒక రూపాయి కట్టి ముడుపు అని మందిరంలో పెడతారు. ఆ రూపాయితో కొండ వరకూ వెళ్ళలేమని వెంకటేశ్వరుడికి తెలియదా? సమర్పణలో వస్తువు మాటకు బదులుగా నిలబడుతుంది. నిలువుదోపిడి మొక్కులో మాత్రం ఒంటి మీది నగలన్నీ నిజంగానే హుండీలో పడతాయి. అక్కడ గిల్టు వేస్తే మాట తప్పినట్టే, ఎందుకంటే ఇస్తానన్నది బంగారమే. ఈ రెండు మొక్కుల మధ్య తేడా మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. మనమే రెంటినీ కలిపేస్తున్నాం.

చెల్లుబాటు గురించి అంత గట్టిగా మాట్లాడేవాళ్ళకు 2016 నవంబరు 8 రాత్రిని గుర్తుచేయాలనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకంతో ఉన్న ఐదువందల, వెయ్యి నోట్లు ఆ రాత్రి నుంచి చెల్లకుండా పోయాయి. గడువులన్నీ ముగిసిన తరువాత కూడా తిరుమల హుండీలో అవి పడుతూనే వచ్చాయి. సాక్షాత్తూ ప్రభుత్వం అచ్చువేసిన డబ్బు అలా కాగితమైపోగా, ఏ ప్రభుత్వమూ అచ్చు వేయని మా రాముడి బిళ్ళను రద్దు చేసే అధికారం ఎవరికీ లేకుండా ఉంది.

ఇంతకీ మా అన్నయ్య చూసిన వీడియో దగ్గరకు వద్దాం, అసలు ప్రమాదం అక్కడే ఉంది. హనుమంతుడో, రామపట్టాభిషేకమో, తామరపువ్వో ఒకవైపు, ఈస్టిండియా కంపెనీ పేరూ 1616, 1717, 1818 లాంటి అంకెలూ రెండోవైపు ఉన్న అణా, అర్ధణా బిళ్ళలు కొన్ని దశాబ్దాలుగా సంతల్లో తిరుగుతున్నాయి. వీటిలో కొన్నిటికి బియ్యపు గింజలను ఆకర్షించే శక్తి ఉందని చెప్పి, రైస్ పుల్లింగ్ అనే పేరుతో లక్షలు వసూలు చేసే ముఠాల వార్తలు మన రెండు రాష్ట్రాల పత్రికల్లో ఏటా వస్తూనే ఉంటాయి. కొంచెం చరిత్ర తెలిస్తే ఆ బిళ్ళలోని అబద్ధం చేతికి అందుతుంది. కంపెనీ నాణేల మీద దేవుళ్ళు లేరని కాదు. మద్రాసులో కంపెనీ వేయించిన వరహాల మీద విష్ణువూ ఉన్నాడు, గోపురమూ ఉంది. కాని ఆ చెన్నపట్నపు కంపెనీ 1818లో వరహాను వదిలి రూపాయిని ప్రమాణం చేసుకుంది. దేశమంతటికీ ఒకటే తీరైన నాణేలు 1835లో గాని రాలేదు. అటువంటప్పుడు 1616లో కంపెనీ అర్ధణా మీద రామపట్టాభిషేకం ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా ఆ బిళ్ళను కూడా నేను నకిలీ అనను. సంతలో ఇరవై రూపాయలకు పూజ కోసం కొన్నప్పుడు అది బిళ్ళే. దాన్ని 1818 నాటి నాణెమని పది లక్షలు అడిగిన మాటలో మాత్రం నకిలీ ఉంది. వీటిని నకిలీలని ఒక్క ముక్కలో తోసేయడం వల్ల జరిగిన నష్టం ఇదే. చాలా నాణేల పుస్తకాలు వీటికి చోటివ్వవు, మ్యూజియం బల్లల్లో శాతవాహనుల సీసపు నాణేలకూ విజయనగరపు వరహాలకూ ఉన్నంత చోటులో పదో వంతైనా వీటికి దొరకదు. అందువల్ల తాతల నాటి పెట్టెలో రామటెంకి కనిపించిన మనిషికి అది ఏమిటో మర్యాదగా చెప్పేవాళ్ళు ఉండరు. వ్యాపారి చెత్త అంటాడు, ముఠావాడు కోటి అంటాడు. రెండు మాటల్లో మనసు సహజంగా రెండోదాని వైపే మొగ్గుతుంది. హైదరాబాదు రాష్ట్ర మ్యూజియంలాంటి గొప్ప నాణేల సంపద ఉన్న చోట, కొండాపూరు మట్టి బిళ్ళ పక్కన ఒక వెనిస్ కాసు నకలూ, దాని పక్కన ఒక ఇత్తడి రామటెంకీ, ఆ పక్కన చిలకలపూడి కాసూ ఒకే వరుసలో పెట్టి, నాలుగు వాక్యాల తెలుగు పలక తగిలిస్తే, పోలీసుల హెచ్చరికల కంటే అది ఎక్కువ మందిని కాపాడుతుందని నా నమ్మకం.

పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అమ్మకు రూపు కొనాలి. ఏటేటా కలశం దగ్గర పెట్టి, వ్రతం అయ్యాక నల్లపూసల్లో గుచ్చుకునే లక్ష్మీ రూపు. బంగారం ధర చూసి, ఈసారికి వన్ గ్రామ్ గోల్డ్‌లో తీసుకుంటానని అమ్మే అంది. దుకాణంలో కుర్రవాడు మూడు పళ్ళేలు తెచ్చి ముందు పెట్టి, పూత ఎన్నేళ్ళుంటుందో, నల్లబడితే మళ్ళీ వేయించడానికి ఎంతవుతుందో చెబుతూ పోయాడు. అమ్మ అవేమీ వినలేదు. ఒక్కో రూపునూ గుమ్మం వెలుతురులోకి తెచ్చి చూసి తిరిగి పెట్టేస్తోంది. "ఏం వెతుకుతున్నారండీ?" అని అతను విసుగ్గా అడిగాడు. "అచ్చు అరిగిపోయింది బాబూ, వీటిల్లో అమ్మవారి కళ్ళు కనబడడం లేదు" అంది. అతను లోపలికి వెళ్ళి పాత అచ్చుతో చేసినదని ఇంకొకటి తెచ్చాడు. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, కాసేపు చూసి, "ఇదివ్వు" అంది.